బియ్యం కడిగిన నీళ్లు

అత్తమ్మా,

మీ సంవత్సరీకం నిన్ననే అయింది. ఈ పొద్దున జరిగింది మీకు చెప్పాలి.

మీ మనవరాలు సుజాత ఖమ్మం వెళ్లి భాగాలు తెచ్చుకుని, కంప్యూటర్ తానే బిగించింది. ఆన్ చేసి దాని ఇనుప డబ్బాను ముట్టుకోగానే "అమ్మా!" అంటూ వెనక్కి పడింది. కరెంటు కొట్టింది. తీగ మార్చాం, వేరే ప్లగ్గులో పెట్టాం. అదే దెబ్బ. పక్కింటికి మోసుకెళ్లి పెడితే మాత్రం ఏమీ లేదు.

"అయితే తప్పు మనింట్లనే ఉందమ్మా. ఎర్త్ తీగ ఏడికి పోయిందో చూద్దాం పా" అంది.

గోడ వెంట ఆ ఆకుపచ్చ తీగను చూసుకుంటూ వెళ్లాం. అది పెరటి మూలన మట్టిలోకి దిగింది. రోజూ మీరు బియ్యం కడిగిన నీళ్లు పోసిన చోటు అదే.

"గడ్డి సుత మొలవని కాడ ఎందుకత్తమ్మా?" అని నవ్వేదాన్ని.

"వైరింగ్ చేసిన నాడు మీ మామ పొయ్యమన్నడు, పోస్తున్న. నాకేం ఎరుక?" అనేవారు మీరు.

మీరు పోయాక ఆ నీళ్లు వృథా ఎందుకని కరివేపాకు చెట్టుకు పోశాను. ఈ వేసవి మన బూర్గంపాడు ఎండలకు ఆ మూల బీటలు వారింది. తడి లేకపోతే డబ్బాకు పాకిన కరెంటు భూమిలోకి దిగదట, ముట్టుకున్నవాళ్లను కొడుతుందట.

మెయిన్ ఆపి బిందెలతో నీళ్లు పోశాం. మళ్లీ ఆన్ చేసి సుజాత డబ్బాకు టెస్టర్ పెడితే దాని లైటు వెలగలేదు. అప్పుడు నేను డబ్బా మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది, అంతే.

మీరున్నన్నాళ్లూ ఈ ఇంట్లో ఫ్రిజ్‌నూ గ్రైండర్‌నూ తడి చేతులతోనే ముట్టుకున్నాను, ఒక్కసారీ కరెంటు కొట్టలేదు, అత్తమ్మా.

మీ కోడలు