గోడ మీద నామం

నాయనా, దండాలు. ఫోనులో చెబితే ఒకే గదిలో ఉన్న మా అత్త వింటుందని చెన్నై నుంచి ఈ కార్డు రాస్తున్నా.

కాలువ వెడల్పు చేస్తామని ఏడాదిగా చెబుతున్న సర్కారువాళ్లు మొన్న మా గోడకు ఎర్ర నంబరు వేసి పోయారు. అది కూల్చే గుర్తని భయపడి అత్త ఆ నంబరు కనబడకుండా సున్నం కొట్టి, పైన పెద్ద తిరునామం దిద్దింది. "సామి నామం మింద మిషనెట్ల పెడతారో సూస్తా" అనింది. నిన్న ఆఫీసరు వచ్చి, కూల్చడం అందరికీ తప్పదని, గోడకు నంబరున్నవాళ్లకే వేరే ఇల్లని చెప్పాడు. మా ఇల్లు గోవిందా అని వీధంతా అంటోంది. బండి చప్పుడైతే వాకిట్లోకి పరిగెత్తి చూస్తున్నా.

నువ్వు తొందరగా రా. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? ఆమెకు ఇది చదివి వినిపించొద్దు. వచ్చేముందు కొండకు పోయి మా కోసం గోవిందా అను నాయనా. అత్త నిన్నటి నుంచి ఆ మాట పలకడం లేదు.

నీ కూతురు మహిత