డబ్బా లోపలి పెయింటు

కోవిల్‌పట్టి, 12-5-98

అమ్మా పాండిసెల్వీ, ఇక్కడ అందరం బాగున్నాము, కార్డు చూసి భయపడవద్దు.

మారెమ్మ పొంగలి పండగ కచ్చేరిలో గిటారు గుయ్యిమన్నది అల్లుడి చేతి తప్పు కాదు. గిటారు గొంతు మార్చే, కాలితో తొక్కే డబ్బా నేను చేసిచ్చిందే కదా. దానికి వాడిన కడలమిఠాయి, అదే శెనక్కాయ పట్టీల రేకుడబ్బా, తుప్పు పట్టకూడదని లోపల కూడా పెయింటు పూసినాను. ఎర్తు తీగ పెయింటు మీదే ఉండిపోయింది, రేకును తాకనేలేదు. నిన్న గీకి టంకం పెట్టినాను, గుయ్యిమనడం పోయింది. "వాయించడం రాకపోతే దిగిపో అల్లుడా" అని ఆ రోజు ఊరి ముందర అనేసినాను. ఆయన అన్నం తినకుండా విరుదునగరు బస్సెక్కినారు.

పాపకు దగ్గు తగ్గిందా? డబ్బా మూక్కన్ మామ చేత పంపుతాను.

నలుగురిలో అన్న మాట గనుక మూసిన కవరులో రాయలేదు. మీ పోస్టుమేను చదివితే చదవనీ. అల్లుడికి నువ్వే గట్టిగా చదివి వినిపించు. ఇద్దరూ చల్లగా ఉండాలి.

మీ నాయన