చివరి చెరువు

నాగాయలంక

అన్నయ్యకు,

అందరం బాగానే ఉన్నాం, కార్డు చూసి కంగారు పడకు. ఫోన్ చేద్దామంటే మీ బావగారు పక్కనే ఉంటున్నారు.

ఆయన డిప్రెషన్‌కి వాడుతున్నది ఇంకా పరీక్షలో ఉన్న కొత్త మందట. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తి పిండి ఇస్తారట. ఎవరికేది వస్తుందో డాక్టరుకీ తెలియదట. నాతో చెప్పకుండా ఒప్పుకుని సంతకం పెట్టేశారు. మొన్న నిలదీశాను.

"కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన మందు మీరు రొయ్యలకి ఏ చెరువులో వేసి చూస్తారు?"

"పోయినా ఫర్వాలేదనుకున్న చివరి చెరువులో."

"మరి మీరు?"

"నేను చివరి చెరువునేలేవే" అని నవ్వారు.

ఆయన నవ్వగా చూసి ఏడాదైంది. ఆ నవ్వు ఆయనదో, మందుదో తెలియలేదు. ఒక గొట్టం మాత్ర విప్పి నాకి చూశాను. చేదుగా ఉంది. పిండిలో చేదు కలిపి ఇస్తారేమో, ఎవరికి తెలుసు?

మీ మందుల షాపుకొచ్చే డాక్టరుగారిని మా పేరు చెప్పకుండా అడుగు. క్రిస్మస్‌కి ఈ పరీక్ష అయిపోతుంది. పనిచేసేదే అయితే ఆ తర్వాత ఎవరిస్తారు?

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఎండు మెత్తళ్ళ చేపలు బందరు బస్సులో పంపుతాను. డబ్బా మాత్రం తిరిగి పంపించు.

నిన్న పొద్దున్నే ఆయనంతట ఆయనే లేచి చెరువు గట్టుకి వెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళి, ఆయన రొయ్యలకి మేత చల్లి తిరిగొచ్చేదాకా కనిపించకుండా నిలబడ్డాను.

దేవుడు మీ ఇంటిని చల్లగా చూడాలి. ప్రార్థనలో మీ బావగారిని తలుచుకోండి. ఆయనకిచ్చింది పిండి కాకూడదని కూడా అడగండి.

మీ చెల్లి,
ప్రభావతి