లిఫ్టు లేని కోట

అమ్మకు నమస్కారాలతో జర్మనీలోని హానోవర్ నుంచి జానకి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఆదివారం ఫోన్లో చెల్లి కూడా లైన్లో ఉంటుంది కదా, అందుకే ఇది కాగితం మీద రాస్తున్నాను.

చలి ఇంకా పోలేదు. ఆఫీసు, బాబుని కీటా బడికి దింపడం, వంట, ఇంతే. పోయిన నెల జపాన్‌లో చెల్లి వాణి దగ్గరికి వెళ్ళొచ్చాం. ఈ వేసవికి ఎవరి దగ్గరికి వస్తావో నువ్వు తేల్చవు. దాని ఊళ్ళోని మత్సుమోతో కోట ఫొటో మాత్రం నీ ఫోన్ మీద పెట్టుకుని అందరికీ చూపిస్తున్నావని పిన్ని చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ కోటలో ఏదో ఒక వంక దొరక్కపోదనే వెళ్ళాను.

దొరకలేదు. నల్లటి కోట, చుట్టూ నీళ్ళు, వెనక మంచుకొండలు. అక్కడ చాలా కోటలు పోతే సిమెంటుతో మళ్ళీ కట్టుకున్నారట. ఇది మాత్రం నాలుగు వందల ఏళ్ళ నాటి అసలు కర్రే. అక్కడి దొరల కాలం పోయాక వేలం వేసి కూల్చబోతే ఊరివాళ్ళే కాపాడుకున్నారట. వాణి ఇదంతా తనే కట్టించినట్టు చెప్పింది. మా హానోవర్‌లో పెద్ద తోటలో ఉన్న రాజభవనం యుద్ధంలో కాలిపోతే కొన్నేళ్ళ కిందటే మళ్ళీ కట్టారు. ఆ మాట నేను ఎత్తలేదు.

గుమ్మంలో చెప్పులు విప్పి సంచిలో వేసుకుని మనమే మోసుకెళ్ళాలి. గుడి దగ్గరలా బయట వదలడం లేదు. లోపల మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. శత్రువులు గబగబా ఎక్కకుండా అలా కట్టారట. ఒక చేత్తో పక్కనున్న కర్ర, ఇంకో చేత్తో సంచి. సగంలో నా కాలు జారింది. వాణి వెనక నుంచి పట్టుకుని, నా చెప్పుల సంచి కూడా తనే తీసుకుంది.

పై అంతస్తులో కాస్త కూర్చున్నాక అంది: "అమ్మ వల్ల కాదక్కా ఈ మెట్లు. నీ దగ్గరికే పిలిపించుకో. మీ టౌన్‌హాలు కూడా కోటలాగే ఉంటుంది, పైదాకా లిఫ్టు ఉందన్నావుగా."

నేను ఎదురుచూస్తున్న మాటే అది. అయినా మనసు చివుక్కుమంది. అసలు కోట ఉన్నవాళ్ళకి వదులుకోవడం తేలిక. సరేలే అన్నాను. మొహమాటానికైనా, ముందు నీ దగ్గరికే రానీ అనలేదు.

కాబట్టి ఇక్కడికే రా. వీసా టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, కోసం మీ అల్లుడు చూస్తున్నారు. పండుమిరప పచ్చడి తీసుకురా. చెల్లి వాటా దానికి పార్సిల్ చెయ్యి, తక్కువ చెయ్యకు.

కోట ముందు వాణీ నేనూ దిగిన ఫొటో నీ ఫోన్‌కి పంపాను. ఇప్పుడున్నది తీసేసి అది పెట్టుకో. వచ్చాక టౌన్‌హాలు మీద మనిద్దరం ఒకటి దిగుదాం. అప్పుడు అదీ తీసేద్దువుగాని.

పిన్నికీ బాబాయికీ నా నమస్కారాలు చెప్పు. బాబుని, నన్ను దీవించు.

నీ పెద్దకూతురు,
జానకి