అక్క మాటలు బకెట్లో పడ్డాయి

మార్చి 4, బుధవారం

అక్క ఫోను బట్టలు నానబెట్టిన బకెట్లో పడింది. చాలాసేపటిదాకా ఎవరికీ తెలియలేదు. పడిందని చెప్పాల్సిన మనిషికి నోట మాట లేదు.

పక్షవాతంతో కుడి చెయ్యీ మాటా రెండూ పోయాయి. అంతకంటే దారుణం, అవునూ కాదూ కలగలిసిపోయాయి. నీళ్లు కావాలా అంటే తల ఊపుతుంది, వద్దా అన్నా అలాగే ఊపుతుంది. చూసి చూసి అక్క కూతురు, నా మేనకోడలు, అక్క ఫోనే తెచ్చి ఆమె ఎడమచేతిలో పెట్టింది. అప్పటినుంచి అక్కకి ఫోటోలే మాటలు. గ్లాసు ఫోటో చూపిస్తే దాహం. కిటికీ చూపిస్తే ఉక్కపోత. నేను ఆదివారం ఆరాధనలో సంఘానికి వాక్యం చెబుతూ, వేదిక మీద నోరంతా తెరిచి గర్జిస్తున్న ఫోటో ఒకటుంది. అది చూపిస్తే, ఒరేయ్ నోరు మూసుకో అని. ఆ ఫోటోకే పని ఎక్కువ.

సాయంత్రం 5

రిపేరు షాపతను బోర్డు చచ్చిపోయిందన్నాడు. మరి ఫోటోల సంగతేంటి అంటే, బ్యాకప్ ఉంటే బతికినట్టే సార్, లేకపోతే దేవుడే దిక్కు అన్నాడు. ఆ రెండో మాట నేను అనాల్సింది.

మార్చి 5, గురువారం

స్కానింగు రిపోర్టు వచ్చింది. అక్క మెదడులో రక్తనాళం ఉబ్బిందట. ఆపరేషన్ చేస్తే బతకొచ్చు, బల్ల మీదే పోనూవచ్చు, చెయ్యకపోతే అది ఎప్పుడు పగులుతుందో తెలియదు అంది డాక్టరమ్మ. ఆవిడకి అన్నీ అర్థమవుతున్నాయి, కాబట్టి ఆవిడే చెప్పాలి, సోమవారం రండి అంది. ఎలా చెబుతుంది తల్లీ అన్నాను. ఇన్నాళ్లూ మీకు ఎలా చెప్పిందో అలాగే అంది.

నాకైతే సందేహం లేదు, ఆపరేషన్ చేయించాల్సిందే, అక్కకి నయమవుతుంది. పరిశుద్ధ గ్రంథంలో మూగవాడి నాలుక కట్లు తెగిన అధ్యాయం పోయిన ఆదివారమే చెప్పాను. మా అక్క ఇదే వేదికెక్కి సాక్ష్యం చెబుతుంది, రాసి పెట్టుకోండి అని బల్ల గుద్ది ప్రకటించాను. జనం లేచి నిలబడి ఏడ్చారు. నాకు బడి చదువు లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని గ్రంథం ఒక్కటే చదివాను. అందులో ఉన్నది జరుగుతుంది. జరిగి తీరాలి.

మార్చి 6, శుక్రవారం

కొత్త ఫోను తెచ్చాం. అక్క నంబరు పెట్టి వెతికితే బ్యాకప్ ఖాళీ.

మేనకోడలు పోలీసులా నిలబెట్టి అడిగింది. పాత ఫోను కొన్న రోజు షాపువాడికి ఏ మెయిల్ ఇచ్చావు మావయ్యా అంది. నాకు తెలిసిన మెయిల్ ఒకటే, సంఘానిది, అదే ఇచ్చానన్నాను. నెత్తి కొట్టుకుంది. లోకానికంతా దారి చూపిస్తావు, మా అమ్మ ఫోటోలు ఎవరింట్లో పడేశావో నీకే తెలియదు అంది.

సంఘం మెయిల్ అంటే ప్రార్థన మనవుల మూట. ఎవరికి ఏ కష్టమొచ్చినా దాని ఫోటో తీసి సంఘం ఫోనుకు పంపుతారు. తెరిచిన గ్రంథం మీద ఫోను పెట్టి, ఒక్కో ఫోటో మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తాను. అవన్నీ ఆ మెయిల్లోనే చేరతాయి. ఇన్నాళ్లూ అక్కవీ అక్కడే చేరాయన్నమాట.

మధ్యాహ్నం

ఫోటోలు కొత్త ఫోనులోకి దిగుతున్నాయి. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది.

మార్చి 7, శనివారం

అన్నీ వచ్చాయి. అన్నీ అంటే అన్నీ. విరిగిన కాళ్ల ఎక్స్‌రేలు, హాల్ టికెట్లు, కూలిన గోడ, తప్పిపోయిన కుక్క, కడుపులో బిడ్డ స్కానింగు. గ్లాసూ కిటికీ వాటి మధ్య ఎక్కడో.

నేను ఏరి విడిగా పెడతానే అమ్మా అంది మేనకోడలు. అక్క ఫోను ఇవ్వలేదు. ఎడమ బొటనవేలితో ఒక్కొక్కటే జరుపుతూ చూసింది. అవి పరాయివాళ్ల కన్నీళ్లే, నువ్వు చూడకూడదే అని నేను అందుకున్నాను. గబగబా ఏదో వెతికి ఫోను నా ముఖం మీద పెట్టింది.

నా నోరు.

తిట్టు తిని ఇంత సంతోషపడటం నా జన్మలో ఇదే.

మార్చి 8, ఆదివారం

ఆరాధన ముగించుకుని వచ్చేసరికి మేనకోడలు అడగనే అడిగేసిందట, ఆపరేషన్ చేయించుకుంటావా అమ్మా అని. అక్క నా ఎదుట మళ్లీ జవాబు చెప్పింది. మొదట ఎవరిదో పుర్రె ఎక్స్‌రే. వెంటనే నా నోరు.

తలకాయ ఆపరేషన్ మాట ఇక ఎత్తొద్దంటోంది అంది మేనకోడలు.

నేను ఒప్పుకోలేదు. తల అంటే తల బాగవ్వాలని, నా నోరంటే నాలాగే గొంతెత్తి సాక్ష్యం చెప్పాలని. ఇంతకంటే స్పష్టంగా ఏముంటుంది అన్నాను. వాక్యాన్ని నీకు కావాల్సినట్టు తిప్పుకో మావయ్యా, మా అమ్మని తిప్పకు అంది.

అక్క మళ్లీ వెతకడం మొదలుపెట్టింది. చాలాసేపు. చివరికి ఒక ఫోటో దగ్గర ఆగింది.

మా అమ్మ మంచం. అమ్మ పోయిన మర్నాడు అక్క తీసింది. పరుపు చుట్టేసి ఉంది, దుప్పటి మడత పెట్టి ఉంది. అమ్మ ఆ మంచం మీదే, సూదులూ గొట్టాలూ లేకుండా, అక్క చెయ్యి పట్టుకుని పోయింది. అక్క నాకు ఆ ఫోటో చూపించి, తను పడుకున్న మంచాన్ని ఎడమచేత్తో మెల్లగా తట్టింది.

దీనికి ఇంకో అర్థం ఉందేమోనని వెతికాను. గ్రంథం తెరిచి మరీ వెతికాను. లేదు.

అప్పుడు అరిచాను. నీకు నమ్మకం లేదే అన్నాను. సంఘానికి నేను ముఖం ఎలా చూపించను అన్నాను. నన్ను ఒంటరివాణ్ణి చేస్తావా అన్నాను. వీధిలోకి వినపడి ఉంటుంది. ఫోను అక్క చేతిలోనే ఉంది. నా నోటి ఫోటో చూపించలేదు. నేను అలిసిపోయేదాకా అరవనిచ్చింది.

మార్చి 9, సోమవారం

డాక్టరమ్మకి అక్కే వరసగా చూపించింది. పుర్రె, నోరు, మంచం. మధ్యలో ఆయనెవరు అని అడిగింది డాక్టరమ్మ. నేనే అన్నాను. ఆవిడ కాగితం తీసి అక్క ముందు పెట్టింది. ఆపరేషన్ వద్దని అక్క ఎడమచేత్తో వేలిముద్ర వేసింది. సాక్షి సంతకం నాది.

సంఘానికి మెసేజ్ రాశాను. మా అక్క ఆపరేషన్ వద్దంది, ఇంట్లోనే ఉంటుంది. కింద గ్రంథంలోంచి ఒక వాక్యం చేర్చబోయి మానేశాను.

మార్చి 10, మంగళవారం

మరి మీ ప్రకటన ఏమైంది అయ్యగారూ అని అడుగుతున్నారు. తప్పు ప్రకటించానని జవాబిస్తున్నాను.

మార్చి 15, ఆదివారం

ఇవాళ వేదిక ఎక్కలేదు.

మార్చి 22, ఆదివారం

పొద్దున అక్క కొత్త ఫోటో తీసి చూపించింది. అంతా అలికినట్టు వచ్చింది. సగం గోడ, సగం నా చెవి.

నేను అర్థం చెప్పలేదు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.