విమానాల స్టేజీ

గురువారం, రాత్రి

జగ్గయ్యపేటలో ఆటో ఎక్కి, నందిగామ దారిలో గోడౌన్ల దగ్గర ఆపమన్నాను. డ్రైవర్‌కి అర్థం కాలేదు.

"ఏ గోడౌన్లండి? విమానాల స్టేజీయా?"

అవునన్నాను. మా క్లబ్బు వాళ్ళం ఆదివారాలు సరదాకి చిన్న విమానాలు నడిపిన చోటు అదే. స్థలం అమ్ముడుపోయాక రన్‌వే మీదే గోడౌన్లు లేచాయి.

"మీరెప్పుడైనా అక్కడ విమానం చూశారా?" అని అడిగాను.

"లేదండి. మాది మధిర, ఇటొచ్చి ఏడాదే. అందరూ అట్లా అంటుంటే నేనూ అంటున్నా. నిజంగా ఉండేయాండి?"

"ఏమో" అన్నాను. పదేళ్ళు అక్కడ ఎగిరినవాణ్ణి, ఎందుకలా అన్నానో తెలియదు.

గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి గుడ్డ సంచి కట్టిన స్తంభం ఇంకా ఉంది. ఇప్పుడు దానికి సీసీ కెమెరా బిగించారు. సిమెంటు బిల్లు పని చూసుకుని బయటికొస్తూ, అలవాటు కొద్దీ తలెత్తి దాని వైపే చూశాను.

అప్పుడే మా ఆవిడ ఫోన్ చేసింది. ఎక్కడున్నారంది. గోడౌన్ల దగ్గర అనబోయి, విమానాల స్టేజీలో అన్నాను.

ఆ ఆదివారాల్లో విసుక్కున్నట్టే అడిగింది.

"ఇంకా అక్కడేనా?"