పాలేటి అడుగున అయస్కాంతం

నాన్నా,

ఇది నీకు అందదని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయి రేపటికి ఏడాది.

అమ్మ మోకాలి నొప్పికని గరికపాడు దాబా దగ్గర నువ్వు అయస్కాంతం బెల్టు కొన్నావు. మూఢనమ్మకమని నేను నీ లారీ క్లీనర్ ముందే అరిచి, మా సైన్సు సంఘం కరపత్రం చదివి వినిపించి, ఆ బెల్టుని పాలేటి వంతెన మీంచి విసిరేశాను. నువ్వు లారీ ఎక్కి స్టీరింగు పట్టుకున్నావు.

ఇప్పుడు ఆ మోకాలికే ఆపరేషన్ అయింది. తొడ కండ కరిగిపోయి అమ్మ కాలు మంచం మీంచి లేవడం లేదు. జగ్గయ్యపేట నుంచి నందిగామ తీసుకెళ్తున్నాను. బస్సులో కళ్ళు మూసుకుంటే, ఏటి అడుగున నల్లటి ఇనుప రజను అంటుకున్న నీ బెల్టు నాచులా మెల్లగా ఊగుతూ కనిపిస్తుంది.

అక్కడ ఫిజియోథెరపీ అమ్మాయి అమ్మ తొడ మీద గుండ్రటి పరికరం ఆనిస్తుంది. అది టిక్ టిక్‌మనగానే, నీళ్ళలో చేప కదిలినట్టు కండ దానంతటదే ఎగురుతుంది.

"ఏంటమ్మాయ్ ఇది?" అని అమ్మ అడిగింది.

"అయస్కాంత శక్తండి."

"విన్నావట్రా? మీ నాన్నది పారేశావుగా!" అంది అమ్మ.

ఆ బెల్టు వేరు, ఈ యంత్రం వేరు. గంటసేపు వాదించగలను. నోరు తెరిచాను కూడా.

"ఉండరా," అంటూ అమ్మ కళ్ళు మూసుకుంది. "ముక్త్యాలలో లోడు దింపొచ్చి మీ నాన్న నా కాలు తట్టి లేపినట్టుంది."

యంత్రం ఆగింది. "ఇప్పుడు మీరే ఎత్తండమ్మా," అంది ఆ అమ్మాయి.

కళ్ళు తెరవకుండానే అమ్మ కాలెత్తింది. మడమకీ పరుపుకీ మధ్య నా అరచెయ్యి పట్టింది.

"ఆయనే కదరా?"

"అవునమ్మా," అన్నాను.